సిల్వరాడో 2/4 డ్రాప్: ముందు స్పిండిలా, స్ప్రింగా? వెనక ఫ్లిప్పా, షాకిలా?

ప్లేనో_ట్రక్కు
బండి 2004 షెవర్లే సిల్వరాడో 1500, టూ వీల్ డ్రైవ్. ముందు 2 అంగుళాలు, వెనక 4 దించాలి. కంపెనీ నుంచే వెనక ఎత్తుగా వస్తుంది కాబట్టి ఈ లెక్కకి దాదాపు సమంగా నిలబడుతుంది. అప్పుడప్పుడు చిన్న ట్రైలర్ లాగాలి. ఏ పార్టులు కొనమంటారు?

కమాన్_కట్ట
ముందుకి డ్రాప్ స్పిండిళ్లే, రెండో మాట లేదు. స్పిండిల్ అంటే చక్రాన్ని మోసే ఇరుసు ముక్క. దాని మీద చక్రం కూర్చునే చోటు పైకి జరుగుతుంది, అంతే. కంట్రోల్ ఆర్మ్‌ల (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే చేతులు) కోణం మారదు, స్ప్రింగు మారదు, బంప్ స్టాప్ (సస్పెన్షన్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు ముక్క) దాకా ఉన్న ఖాళీ అలాగే ఉంటుంది, పాత షాక్ అబ్జార్బర్లే పనిచేస్తాయి. పొట్టి స్ప్రింగ్ వేస్తే ఆ 2 అంగుళాలూ సస్పెన్షన్ కదలిక లోంచే పోతాయి. గుంతలో పడిన ప్రతిసారీ ఆర్మ్ వెళ్లి బంప్ స్టాప్‌కి కొట్టుకుంటుంది.

కాయిల్_పక్షం
అంత తీసిపారేయకండి అన్నా. స్పిండిల్ మార్చాలంటే క్యాలిపర్, రోటర్, హబ్, టై రాడ్ (స్టీరింగ్ కడ్డీ), రెండు బాల్ జాయింట్లు అన్నీ విప్పాలి. పైగా కొన్ని స్పిండిళ్లు చక్రాన్ని కాస్త బయటికి తోస్తాయి, టైరు ఫెండర్‌కి రాసుకుంటుంది. టై రాడ్ చివర కూడా రిమ్ము లోపలి అంచుకి దగ్గరవుతుంది, చిన్న రిమ్ములకి ఇదే గొడవ. స్ప్రింగులు చవక. కొంచెం గట్టిగా ఉంటాయి కాబట్టి బ్రేకు వేస్తే ముక్కు తక్కువ వంగుతుంది. పొట్టి షాక్ అబ్జార్బర్లు (షాకులు) వేసి, బంప్ స్టాప్ కిట్‌లో చెప్పినంత కోస్తే 2 అంగుళాలకి ఏ ఇబ్బందీ రాదు.

కమాన్_కట్ట
పొట్టి షాకుల ధర కూడా కలపండి, "చవక" ఎంత మిగులుతుందో చూద్దాం. వాటిని దాటేసి పాత షాకులే ఉంచితే లోపల అడుగుకి కొట్టుకుని సీల్ పోతుంది. ఆర్మ్‌లు పైకి లేచిన కొద్దీ క్యాంబర్ (చక్రం వాలు) నెగటివ్‌కి, అంటే పైభాగం లోపలికి, జరిగి టైరు లోపలి అంచు అరుగుతుంది. రిమ్ము గురించి చెప్పింది మాత్రం నిజమే: స్పిండిల్ బిగించాక చక్రం పెట్టి, స్టీరింగ్ రెండు చివరలకీ తిప్పి చూశాకే బండి కిందికి దించాలి.

ఇంకో మాట. స్ప్రింగైనా స్పిండిలైనా, లోయర్ ఆర్మ్ కింద జాకీ పెట్టకుండా బాల్ జాయింట్ విప్పితే ఆ స్ప్రింగ్ ఫిరంగి గుండులా దూసుకొస్తుంది. నట్టు కొన్ని చుట్లు వదులు చేసి, బాల్ జాయింట్ టేపర్ (కోసుగా ఉండే పిన్ను) పట్టు ఊడాక, జాకీ మీద బరువు నిలిపి అప్పుడే పూర్తిగా తీయండి.

పాత_గ్యారేజీ
వెనక సంగతి నేను చెబుతా, ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే. ముందుగా, లోయరింగ్ బ్లాకులు కొనకండి. ఈ బండికి కమాన్ కట్ట (లీఫ్ స్ప్రింగ్) యాక్సిల్ పైన కూర్చుంటుంది. మధ్యలో బ్లాకు పెడితే బండి ఇంకా లేస్తుంది! బ్లాకుతో దిగేవి కట్ట యాక్సిల్ కింద ఉన్న బళ్లు, టూ వీల్ డ్రైవ్ షెవర్లే ఎస్-10 పికప్ లాంటివి.

ఫ్లిప్ కిట్ యాక్సిల్‌ని కట్ట పైకి తెస్తుంది, ఒక్కసారే 5-6 అంగుళాలు దిగుతుంది. మీకు కావలసింది 4. అన్ని అంగుళాలు దిగితే యాక్సిల్ ఛాసిస్‌కి తగులుతుంది, సీ-నాచ్ (యాక్సిల్ కదలడానికి ఛాసిస్‌లో సీ ఆకారపు గాడి) కోయక తప్పదు. ఎడమ పక్క ఛాసిస్ వెంట పెట్రోలు ట్యాంకు, పైపులు, వైరింగ్ ఉన్నాయి, నిప్పురవ్వ పడేలా అక్కడ కోయకూడదు. కాబట్టి 4కి హ్యాంగర్ (కట్ట ముందు కొనని ఛాసిస్‌కి పట్టే బ్రాకెట్), షాకిల్ (వెనక కొనని ఊగేలా పట్టే లింకు) జతే సరి.

ప్లేనో_ట్రక్కు
షాకిల్ ఒక్కటి మారిస్తే చాలదా?

పాత_గ్యారేజీ
చాలదండీ. ఒక్క చివరే కదిలితే యాక్సిల్ దగ్గర అందులో దాదాపు సగమే దిగుతుంది. పైగా కట్ట వెనక కొన మాత్రమే లేచి పినియన్ ముక్కు (ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలే యాక్సిల్ ముందు భాగం) కిందికి వంగుతుంది. ముందు హ్యాంగర్ మాత్రమే మారిస్తే అదే ముక్కు పైకి లేస్తుంది. రెండూ సమంగా మారిస్తే ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి, అందుకే జతగా అమ్ముతారు. యాంగిల్ గేజ్‌తో ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు చివరల కోణాలూ చూడండి. తేడా 1 డిగ్రీ దాటితే వేగంలో వణుకు మొదలవుతుంది, అప్పుడు కట్టకీ యాక్సిల్‌కీ మధ్య వెడ్జ్ షిమ్ (ఏటవాలు పలక) వేయాలి.

పాత హ్యాంగర్లకి రివెట్లుంటాయి. తల గ్రైండ్ చేసి, పంచ్‌తో కొట్టి తీసి, ఆ రంధ్రాల్లో గ్రేడ్ 8 బోల్టులు వేయండి.

కాయిల్_పక్షం
ట్రైలర్ ఉందన్నారు కదా. మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడుతుంది. 4 అంగుళాలు పోయాక వెనక బంప్ స్టాప్ తగలడానికి అదే చాలు. హెల్పర్ ఎయిర్ బ్యాగులు కూడా లెక్కలో వేసుకోండి. అవి బండిని నిలబెడతాయి కానీ డోరు స్టిక్కర్ మీద రాసిన బరువు పరిమితిని పెంచవు.

సత్యవేడు_వీక్రాస్
శ్రీసిటీలో తయారయ్యే మన ఇసుజు వీ-క్రాస్‌కి ఇలా చేయొచ్చా?

పాత_గ్యారేజీ
మన దేశంలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డం వస్తుంది, కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. చేతులు పెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి.

ప్లేనో గారూ, కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు విప్పితే పాతవి మళ్లీ వాడొద్దు, ఒకసారి సాగినవి పట్టు నిలబెట్టవు. కొత్తవి అడ్డదిడ్డంగా, అంటే ఎదురెదురు మూలల క్రమంలో, మాన్యువల్ టార్క్‌కి బిగించి, తొలి 100 మైళ్లకి మళ్లీ చూడండి. బుష్షుల బోల్టులు మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల గురి ఆ తర్వాతే.