పక్షుల లెక్కల ప్రభావాన్ని దేనితో కొలవాలి?

కూకట్‌పల్లి నుంచి, చర్చ మొదలుపెట్టినవారు:
మా ఇంటి దగ్గరి చెరువు మీద ఆరేళ్లుగా ప్రతి ఆదివారం పక్షులను లెక్కించి, ఎవరైనా తాము చూసిన పక్షుల జాబితాలను పంపగల ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేస్తున్నాం. బైనాక్యులర్ల కోసం సాయం అడిగితే, ఒక సంస్థవారు "ఇన్నేళ్ల పనివల్ల ఏం మారింది?" అని అడిగారు. జాబితాలెన్నో, వచ్చినవారెందరో చెప్పాను. అది చేసిన పనే గాని ప్రభావం కాదన్నారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక దాదాపు 30 వేల మంది పంపిన 3 కోట్ల పరిశీలనలతో 942 జాతుల స్థితిని అంచనా వేసింది. పౌరులు సేకరించిన సమాచారం శాస్త్రానికి అక్కరకు రావడమే ప్రభావం కాదా?

తార్నాక నుంచి, గణాంకశాస్త్ర అధ్యాపకురాలు:
ఆ నివేదిక విలువను నేను తక్కువ చేయను. అయితే మీ ఒక్క చెరువు జాబితాలు లేకపోయినా అది వెలువడేదే. ప్రభావం చెప్పాలంటే, మీరు ఈ పని చేయకపోయి ఉంటే ఏమయ్యేదో దానితో పోల్చాలి. మీ చెరువులాంటిదే అయి, ఎవరూ లెక్కించని మరో చెరువు మనకు దొరకదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. అమీన్‌పూర్ చెరువునే చూడండి. 2016లో దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించడానికి పక్షి ప్రేమికుల నమోదులు ఎంత తోడ్పడ్డాయో, చెరువును శుభ్రం చేయించిన అధికారుల చొరవ ఎంత తోడ్పడిందో విడదీసి చెప్పడం సాధ్యమా? ప్రకటన తర్వాత కూడా అక్కడ కాలుష్యంపై ఫిర్యాదులు ఆగలేదు. మరో మాట: చూసేవారు పెరిగితే కనిపించే జాతులూ పెరుగుతాయి, దానిని చెరువు బాగుపడినట్టు అనుకోకూడదు. ఎంతసేపు చూశారో, ఎంత దూరం నడిచారో ప్రతి జాబితాలో రాస్తేనే ఆ తేడాను సరిచేయగలం.

మల్కాజిగిరి నుంచి, పాఠశాల ఉపాధ్యాయుడు:
మేడమ్ గారి మాటలతో ఏకీభవిస్తూనే, మనుషుల్లో వచ్చే మార్పును ఇద్దరూ వదిలేశారని బాధగా ఉంది. నేను పక్షులను చూడటానికి తీసుకెళ్లే మా బడి పిల్లలకు మొదటిరోజూ, ఏడాది చివరా ఒకే ప్రశ్నావళి ఇచ్చాను. "ప్రకృతి అంటే ఇష్టమా?" అన్నదానికి మొదటిరోజే అందరూ అయిదుకు అయిదు పెట్టారు, ఇక పెరగడానికి చోటెక్కడిది? కానీ ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరోజు, రెక్కలు ఆరబెట్టుకుంటున్న పక్షిని నీటికాకి అని రాసి, పాములాంటి పొడవాటి మెడ కనిపించగానే అది నీటికాకి కాదని గ్రహించి ఆ పేరు మీద గీత కొట్టి, పక్కన "ముందు సరిగా చూడలేదు" అని రాసింది. తన తప్పును తానే పట్టుకున్న ఆ గీత ఏ ప్రశ్నావళిలోనూ పడదు. నోటుపుస్తకాలను దాచి చదవడం కూడా మూల్యాంకనమే అవుతుందని నా అభిప్రాయం. ఇంకొకటి, మధ్యలో మానేసినవారు మన పత్రాలు నింపరు గనుక, మన ఫలితాలన్నీ మిగిలినవారివే.

కూకట్‌పల్లి నుంచి:
చివరి మాట నాకు గట్టిగా తగిలింది. మా జట్టులోనూ పదకొండు మంది రావడం మానేశారు, ఎందుకని ఒక్కరినీ అడగలేదు. ముందు వారికి ఫోన్ చేస్తాను. మా చెరువు దగ్గరి మురుగు కాలువ గురించి మేమిచ్చిన వినతుల తేదీలను, ఆ వారాల పక్షుల లెక్కలను పక్కపక్కన పెట్టి ఇక్కడే చూపిస్తాను. అందులో మా పాత్ర ఎంతో మేడమ్ గారే పరీక్షించాలి.