షాకాకు ఓపెన్ బోర్డర్స్ ఇవ్వవచ్చా? వాణిజ్యానికి అది అవసరమా?

తీరవాసి (ప్రశ్న):
సివిలైజేషన్ 5 అనే కంప్యూటర్ వ్యూహ క్రీడను బ్రేవ్ న్యూ వరల్డ్ విస్తరణతో ఆడుతున్నాను. నాది బ్రెజిల్, లక్ష్యం సాంస్కృతిక విజయం (నా సంస్కృతి ప్రభావంతో మిగతా దేశాలను మించడం). నాకు ఉత్తరాన జులూ రాజు షాకా ఉన్నాడు. మా ఇద్దరి మధ్య సన్నని భూసంధి ఉంది, నా రాజధానికి దక్షిణాన ఇంకా ఎవరూ ఆక్రమించని మంచి నేల చాలా ఉంది. ఓపెన్ బోర్డర్స్ ఒప్పందంతో నా సరిహద్దులు తెరిచి అతని దళాలను నా భూమిలో నడవనిస్తే టర్నుకు (ఆటలో ఒక్కో వంతుకు) 2 బంగారం చొప్పున ఇస్తానని షాకా అడుగుతున్నాడు. అతని నగరానికి నా కారవాన్ (సరుకు బిడారు) ఒకటి ఇప్పటికే నడుస్తోంది కనుక, ఒప్పుకోకపోతే ఆ వాణిజ్యం దెబ్బతింటుందేమోనన్నది నా మొదటి సందేహం. ఒప్పుకుంటే అతని సైన్యం నా నగరాల పక్కనే మకాం వేసి ఒక్కసారిగా దాడి చేస్తుందేమోనన్నది రెండవది. అనుభవజ్ఞులు చెప్పగలరు.

పాత_పటం:
మొదటి సందేహాన్ని మీరు మరచిపోవచ్చు. 2005లో వచ్చిన సివిలైజేషన్ 4లో ఓపెన్ బోర్డర్స్, వాణిజ్యం ముడిపడి ఉండేవి. రైటింగ్ అనే సాంకేతికత నేర్చుకున్నాక ఓపెన్ బోర్డర్స్ కుదుర్చుకుంటే తప్ప పరాయి నగరాలతో వాణిజ్య మార్గాలు ఏర్పడేవి కావు. పరాయి నగరంతో సాగే మార్గం సొంత నగరాల మధ్య సాగేదానికంటే ఎక్కువ రాబడి ఇచ్చేది కనుక, సరిహద్దు మూసుకున్నవాడు తన ఖజానాకే గండి కొట్టుకునేవాడు. ఆ ఆటలో జపాన్ నాయకుడు టోకుగావా ఎవరినీ గడప తొక్కనివ్వక చివరికి సాంకేతికతలో వెనుకబడిపోవడం పాత ఆటగాళ్లందరికీ పరిచయమైన తమాషాయే. బ్రేవ్ న్యూ వరల్డ్‌లో మాత్రం కారవాన్లూ సరుకు నౌకలూ సరిహద్దులను పట్టించుకోవు. వాటిని ఆపేవి ప్రధానంగా యుద్ధం, దోపిడీ, దూరం. షాకాకు కాదన్నా మీ కారవాన్ యథావిధిగా నడుస్తుంది.

కోట_బురుజు:
రెండవ సందేహం విషయానికి వస్తే, మీరు భయపడుతున్న తీరులో ప్రమాదం లేదు, కానీ ప్రమాదం లేకపోలేదు. ఓపెన్ బోర్డర్స్ ఉన్నప్పుడు యుద్ధం ప్రకటించగానే ఆ ఒప్పందం రద్దవుతుంది. మీ భూమిలో ఉన్న అతని దళాలను ఆటే సరిహద్దు బయటకు నెట్టివేస్తుంది. కాబట్టి రాజధాని గోడ పక్కన నిలబడి అదే టర్నులో కత్తి దూయడం కుదరదు.

అయితే బయటకు అంటే ఎటు? అవి దగ్గరలో ఖాళీగా ఉన్న గడిలోకి వెళతాయి, ఉత్తరానికే వెళ్లాలన్న నియమమేమీ లేదు. మీ దక్షిణాన ఎవరికీ చెందని నేల ఉందన్నారు. అటువైపు వెళుతున్న దళాలు అక్కడే తేలితే, భూసంధిని కాపలా కాస్తున్న మీ సైన్యం ఒకవైపు, శత్రువు మరొకవైపు అవుతారు.

నిజానికి సైన్యంకంటే నేను ఎక్కువగా భయపడేది సెట్లర్లకే (కొత్త నగరాలు కట్టే దళాలకు). ఆ భూసంధిని మీ సరిహద్దు పూర్తిగా అడ్డుకుంటున్నదంటే, సముద్రయానం అందుబాటులోకి వచ్చేదాకా దక్షిణ భూమి మొత్తం మీ పేరున ఉన్నట్టే. షాకా అడుగుతున్నది దారి, మీరు అమ్మబోతున్నది రెండు మూడు నగరాలకు సరిపోయే నేల. దానికి టర్నుకు 2 బంగారమంటే మరీ చవక బేరం. ముందు దక్షిణాన మీ నగరాలు కట్టుకోండి, ఆ తరువాత అతను అడిగితే ఇవ్వండి.

రంగస్థలి:
పై ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక సంగతి చేర్చాలి. సాంస్కృతిక విజయం కోరేవారు చూడవలసింది ఇచ్చే ఒప్పందంకంటే పుచ్చుకునే ఒప్పందాన్ని. ఈ ఆటలో ఓపెన్ బోర్డర్స్ ఇరువైపులా ఒకేసారి ఉండనక్కరలేదు. షాకా తన సరిహద్దులను మీకు తెరిస్తే అతనిపై మీ టూరిజం (మీ సంస్కృతి ఇతర దేశాలపై చూపే ఆకర్షణ) ప్రభావం 25 శాతం పెరుగుతుంది. మీరు అతనికి తెరిస్తే ఆ లాభం మీకు రాదు. వాణిజ్య మార్గం ఉంటే మరో 25 శాతం, ఒకే మతం ఉంటే ఇంకో 25 శాతం కలుస్తాయి. మీ కారవాన్‌ను బంగారం లెక్కతోనే తూచవద్దనడానికి కారణం ఇదే.

కనుక ఒప్పందం తెరను తెరచి మీ దారిని ఇవ్వకుండా అతని దారిని మాత్రం కొనండి. సివిల్ సర్వీస్ సాంకేతికత, ఎంబసీ ఉంటే, మనపై పగలేని ఏఐ (కంప్యూటర్ ఆడించే) రాజులు సాధారణంగా 50 బంగారానికి అటూ ఇటుగా ఒప్పుకుంటారు. మామూలు వేగంలో ఒప్పందం 30 టర్నులు ఉంటుంది. గడువు తీరాక దానంతట అది కొనసాగదు, గుర్తుపెట్టుకుని మళ్లీ కుదుర్చుకోవాలి. మీకు మతం కూడా ఉంటే మరో సౌకర్యం ఉంది. అనుమతి లేని భూమిలో టర్ను ముగించిన ప్రతిసారీ మిషనరీ బలం 250 చొప్పున తరిగిపోతుంది, సరిహద్దు తెరిచి ఉంటే ఆ నష్టం ఉండదు.

తీరవాసి:
ధన్యవాదాలు. దక్షిణం గురించి ఇలా ఆలోచించనే లేదు. షాకాకు ప్రస్తుతానికి కాదని చెప్పి ఒక సెట్లర్‌ను పంపుతున్నాను. కాదన్నందుకు అతను కోపగించుకుంటాడా?

కోట_బురుజు:
ఓపెన్ బోర్డర్స్ నిరాకరించినందుకు ఈ ఆటలో ఎవరూ పగబట్టరు. షాకా దండెత్తితే అది మీ సైన్యం పలుచగా కనిపించినందుకో, మీ నేలపై కన్ను పడినందుకో అయి ఉంటుంది. దక్షిణాన రెండవ నగరం లేచేదాకా భూసంధిలో విలుకాళ్లను తగ్గించకండి.