దొంగతనం అయ్యాక అమ్మ రాత్రిళ్లు పడుకోవట్లేదు, ఏం చెయ్యాలి?

నాన్నగారు పోయి మూడు నెలలు కాలేదండి, మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు, నేనుండేది బెంగళూరులో. పోయిన వారం అమ్మని నిద్రకని బొబ్బిలి మావయ్య తీసుకెళ్లాడు, తిరిగొచ్చేసరికి వెనక తలుపు గెడ విరిచేసి, బీరువా లాకర్ వంచేసి, బియ్యం డ్రమ్ము కూడా బోర్లించేసి ఉన్నాయట. పదో రోజు తీసిన పుస్తెలు ఇంట్లోనే ఉండేవి, పోయాయి. మిగతా బంగారం గురించి ఒక్క మాట అనదు, వాటి గురించే ఏడుస్తోంది. నాన్న కళ్లజోడు డబ్బా మాత్రం తెరిచి మంచం మీద పడేశారు, వాళ్లకదెందుకో.

ఎఫ్ఐఆర్ అయ్యింది, కాపీ ఫ్రీగానే ఇచ్చారు. ఇల్లు తాళం వేసి ఊరెళ్తే పోలీసులే కెమెరా పెడతారట, ఎల్‌హెచ్‌ఎంఎస్ అని, ముందు తెలిసుంటే బాగుండేది. కానీ ఇప్పుడు అమ్మ ఇంట్లోనే ఉంటుంది కదా. నాతో రమ్మంటే "ఏడాది తిరక్కుండా దీపం లేకుండా ఇల్లు వదిలేస్తానా" అంటుంది, గట్టిగా చెప్పలేకపోతున్నాను.

మా ఊళ్లో కరెంటు పోతే వైఫై కూడా పోతుంది, సిమ్ వేసుకునే బ్యాటరీ కెమెరా ఎవరైనా వాడుతున్నారా? వెనక తలుపుకి ఇనప గ్రిల్ చాలా? రాత్రి తోడుకి ఎవర్నైనా పెట్టడం మంచిదేనా, ఎలా నమ్మాలి? ఇలాంటిది చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్.