రెండు రోజుల్లో రాజమండ్రిలో ఏం చూడొచ్చు? అమ్మ, పాపతో వైజాగ్ నుంచి వెళ్తున్నాం

గాజువాక_సుజాత:
నమస్కారం అండి. క్రిస్మస్ సెలవుల్లో రాజమండ్రి వెళ్దామనుకుంటున్నాం, రైల్లోనే, రెండు రోజులు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగడం కష్టం, కానీ గోదావరి స్నానం చేయాలని ఎప్పటినుంచో అడుగుతోంది. పాప ఎనిమిదో తరగతి, బొమ్మలు బాగా వేస్తుంది. ఎవర్ని అడిగినా పాపికొండలు వెళ్లిపోండి అంటున్నారు. ఊళ్లో చూడ్డానికేం లేదా?

గోదారి_గట్టు:
ఏం లేకపోవడమేంటండీ! మాది రాజమండ్రే, ఉద్యోగం వల్ల సీతమ్మధారలో ఉంటున్నాను. అందరూ రైలు దిగి నేరుగా లాంచీ ఎక్కేస్తారు, ఊరు ఊరంతా అలాగే మిగిలిపోతుంది, నాకు అదే బాధ.

పాప బొమ్మలు వేస్తుందన్నారు కాబట్టి ముందు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లండి. ఆయన ఈ ఊళ్లోనే 1897లో పుట్టి, బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదువుకుని, 1925లో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా సరిగ్గా బతకని మనిషి వేసిన బొమ్మలు అవి. పెద్ద చిత్రాల దగ్గరే ఆగిపోకుండా స్కెచ్‌లు కూడా చూడమనండి, గీత ఎలా పట్టాడో అక్కడే తెలుస్తుంది. తర్వాత కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు. 1881లో మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే, అప్పుడు ఆయన్ని, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారిని ఊరు ఎంత ఇబ్బంది పెట్టిందో పాపకి చెప్పి మరీ లోపలికి తీసుకెళ్లండి.

ఇంకోటి, వైజాగ్ నుంచి వచ్చేవాళ్లకి రాజమండ్రిలో దిగితే రైల్లోంచి గోదావరి కనబడదు, బ్రిడ్జి ఊరు దాటాకే వస్తుంది. అందుకని ఒక పూట ఊరికే కొవ్వూరు దాకా రైల్లో వెళ్లి, తిరిగి 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీదుగా బస్సులో రండి. పైన మనం, కింద రైలు. పక్కనే 1900లో రైళ్లు మొదలైన హేవలాక్ వంతెన, దాదాపు వందేళ్లు రైళ్లని మోసి 1997లో రిటైరైంది. సాయంత్రం పుష్కరఘాట్‌లో కూర్చుంటే ఇవన్నీ వరసగా కనబడతాయి.

మధురవాడ_కిరణ్:
పాపికొండలు మాత్రం వదలకండి అక్కా, డిసెంబరే సరైన టైం. కాకపోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోజంతా పోతుంది, లాంచీ ఎక్కడం దిగడం అమ్మగారికి కష్టమే. 2019లో కచ్చులూరు దగ్గర జరిగిన లాంచీ ప్రమాదం మర్చిపోవద్దు, లైఫ్ జాకెట్ ఇచ్చి వేసుకోమని పట్టుబట్టే బోటే ఎక్కండి.

గాజువాక_సుజాత:
థాంక్స్ అండి. అమ్మతో లాంచీ వద్దులే అనిపిస్తోంది. మరి రెండో రోజు ఎటు? స్నానం ఎలా?

గోదారి_గట్టు:
స్నానానికి తెల్లవారేసరికే వెళ్లండి, జనం తక్కువ. నీళ్ల దాకా దిగక్కర్లేదు, పై మెట్టు మీదే కూర్చోబెట్టి చెంబుతో పోయండి, అమ్మకి అదీ గోదావరి స్నానమే. ఆ తర్వాత ఆటో మాట్లాడుకుని ధవళేశ్వరం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేశాడు, అంతకుముందు వరదలతో, కరువుతో అల్లాడిన డెల్టా ఇవాళ అన్నం పెడుతోందంటే దాని వల్లే. ఇప్పుడు మనం చూసేది ఆ తర్వాత కట్టిన బ్యారేజీ, పాత పనిముట్లు అక్కడి కాటన్ మ్యూజియంలో ఉన్నాయి.

అక్కణ్నుంచి బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దాటితే ఆత్రేయపురం. పూతరేకులు కొనుక్కుని వచ్చేయకండి, వేసేవాళ్ల దగ్గర కాసేపు నిలబడండి. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి అలా పరిచి తీస్తారు, కాగితం కన్నా పల్చటి రేకు వచ్చేస్తుంది. పాప బొమ్మల పుస్తకం వెంట ఉంచండి. బెల్లంవి అడగండి, నెయ్యి వాసన చూసి కొనండి.

మధురవాడ_కిరణ్:
తిరుగు రైలుకి ముందు టైం మిగిలితే కడియం నర్సరీలు కూడా, ఈ నెలలో పూలు బాగుంటాయి. మొక్కలు కొంటే వేళ్ల దగ్గర మట్టి ముద్ద కదలకుండా కట్టించుకోండి, రైల్లో తేవాలి కదా.