ఐకాన్‌ను పిల్లలకు తెలుగులో ఏమని చెప్పాలి?

ప్రశ్న: మా ఆరేళ్ళ పాప తన గ్రీకు స్నేహితురాలి ఇంటికి వెళ్ళివచ్చింది. అక్కడ గది మూలలో దీపం, దాని వెనుక చెక్కల మీద వేసిన బంగారు రంగు క్రీస్తు, పునీతుల బొమ్మలు చూసిందట. వాటినే ఐకాన్లు అంటారట. “వాళ్ళందరికీ తల వెనుక పళ్ళెం ఎందుకు? వాళ్ళ నాయనమ్మ ఆ బొమ్మకు ముద్దు ఎందుకు పెట్టింది?” అని ఒకటే అడుగుతోంది. విగ్రహం అని చెప్పవచ్చా?

జవాబు: విగ్రహం అనకండి. తెలుగు బైబిల్లో ఆ మాటకు చెడ్డపేరుంది. యోహాను మొదటి పత్రిక చివరి వాక్యం “చిన్న పిల్లలారా” అని పిలిచి మరీ వాటి జోలికి పోవద్దంటుంది! అక్కడి గ్రీకు మాట ఎయిడోలోన్. ఐకాన్‌కు మూలమైన ఎయికోన్ వేరు. కొలొస్సయుల పత్రికలో క్రీస్తును దేవుని ఎయికోన్ అన్నచోట మనవాళ్ళు ‘స్వరూపి’ అని వేశారు. మంచి మాటే, ఆరేళ్ళ పిల్లకు బరువు.

నేనైతే ‘పటం’ అంటాను. మన దేవుడి పటం లాంటిదే అంటే సగం పని అయిపోతుంది. (మా మనవడు “గాలిపటమా?” అన్నాడు. వాడి తప్పు లేదు, పటం అంటే మొదట బట్టే.) పళ్ళెం కాదు, అది వాళ్ళలోంచే వచ్చే వెలుగు. ఆ పటాల్లో నేల మీద పడిన నీడ ఎక్కడైనా ఉందేమో వెతకమనండి.

ముద్దు సంగతి క్రీ.శ. 787లోనే నికేయాలో కూడిన క్రైస్తవ మతపెద్దల మహాసభ తేల్చింది: పటానికి చేసిన గౌరవం అందులో ఉన్నవారికి చేరుతుంది, ఆరాధన మాత్రం దేవునికే. వీడియో కాల్‌లో అమ్మమ్మకు పెట్టే ముద్దు గాజుకు పెట్టినట్టు కాదు కదా!

ప్రశ్న: చెప్పానండీ. “అమ్మమ్మ తిరిగి పెడుతుంది, పటం పెట్టదుగా?” అంది.

జవాబు: గడుసుదే! నా పోలికే సరిగా లేదు. తాతయ్య పటానికి దండ ఎందుకు వేస్తామో అడగండి.

మరొకరు: ఒక ముచ్చట. గ్రీకులో ‘గ్రాఫో’ అనే మాటకు రాయడం, బొమ్మ వేయడం రెండు అర్థాలూ ఉన్నాయి. అందుకే ఐకాన్‌ను ‘రాశారు’ అనేవారున్నారు. మనకిది వింత కాదు. పాత తెలుగులో చిత్తరువు వ్రాసేవారు, శ్రీకాళహస్తి కలంకారీ పనికి వ్రాతపని అనే పేరుంది. క్రీస్తు పటంలో ముఖానికి అటు రెండు, ఇటు రెండు గ్రీకు అక్షరాలుంటాయి. యేసు, క్రీస్తు అనే పేర్ల మొదటి, చివరి అక్షరాలవి. పాపను ఈసారి వాటిని చూసి రాసుకుని రమ్మనండి.