గిట్టలో చీము తగ్గింది, గుర్రం మళ్లీ అల్లరి మొదలెట్టింది, బయట వదిలేయొచ్చా?

ఎర్రజూలు:
అందరికీ నమస్తే. మా ఆడగుర్రానికి ముందు కుడికాలి గిట్టలో చీము పట్టింది. సాయంత్రం శుభ్రంగా తిరిగింది, తెల్లారేసరికి మూడు కాళ్ల మీద నిలబడి ఉంది, నాలుగోది నేలకి ఆనిస్తే ఒట్టు, చూడగానే ఎముక విరిగిందేమో అని గుండె ఆగినంత పనైంది. డాక్టర్ గారు వచ్చి గిట్ట చుట్టూ పట్టకారుతో నొక్కుకుంటూ వచ్చారు, ఒకచోట నొక్కగానే కాలు లాగేసుకుంది, అక్కడ కత్తితో కొంచెం చెక్కితే నల్లగా నీళ్లలా చీము, ఇక ఆ వాసన గురించి చెప్పక్కర్లేదు. టిటనస్ ఇంజక్షన్ అయింది, గోరువెచ్చటి నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ వేసి కాలు నానబెట్టడం, కట్టు కట్టడం, దానిమీద చిన్నపిల్లల డైపర్, దానిమీద టేపు, ఇవన్నీ నడుస్తున్నాయి.

నాకు గిట్ట కన్నా దాని వాలకమే ఎక్కువ బాధేసింది అండీ. దాణా బకెట్ చప్పుడైతే లాయం అంతా లేపేసేది, అలాంటిది తల కూడా తిప్పలేదు. గోడ వైపు మొహం పెట్టుకుని, చెవులు చెరోపక్క వాల్చేసి, కళ్లు సగం మూసి అలాగే నిలబడేది. దువ్వినా, మాట్లాడినా పట్టించుకునేది కాదు.

ఈ వారం మొత్తం మారిపోయింది. నా అడుగుల చప్పుడు వింటేనే సకిలిస్తోంది, నిన్న కిందకి వంగి కట్టు విప్పుతుంటే చొక్కా కాలర్ పళ్లతో పట్టుకుని లాగింది, నాలుగడుగులు నడిపిద్దామని బయటికి తెస్తే గుమ్మం దాటీ దాటకముందే వెనక కాళ్లు రెండూ గాల్లోకి లేపింది. సంతోషం పట్టలేకపోతున్నా గానీ భయంగా కూడా ఉంది. నొప్పికి బ్యూట్ అనే మందు ఇంకా రోజూ పడుతోంది, మరి ఈ హుషారు నిజంగా నయమై వచ్చిందా లేక మందు చలవా? మిగతా గుర్రాలతో కలిపి ఎప్పుడు వదలొచ్చు?

లాయంకబుర్లు:
కాలర్ పట్టి లాగిందా, అయితే మనిషి దారిలో పడినట్టే హహ. మావాడూ అంతే, ఒంట్లో బాగుంటేనే నా జేబులు వెతుకుతాడు. బ్యూట్ సంగతి మాత్రం తేల్చుకోండి ముందు.

సుత్తీ_నాడా:
గిట్టలు చెక్కడం, నాడాలు కొట్టడం నా పని కాబట్టి కొంచెం వివరంగా చెప్తా, ఓపిగ్గా చదవండి.

ముందు కుదుటపడేది గుర్రం, గిట్ట ఆ తర్వాతే. గిట్ట గోడ గట్టిది, సాగదు, లోపల చీము చేరితే పోవడానికి దారి ఉండదు, మనకి గోరు కింద చీము పడితే ఎలా సలుపుతుందో అదే బాధ, పైగా దాని మీద ఇంత బరువు. చిన్న దారి చేయగానే ఒత్తిడి పోయి నొప్పి చాలావరకు దిగిపోతుంది, గుర్రం ఒక్కసారిగా తేరుకుంటుంది. కానీ అడుగున చెక్కిన కన్నం అలాగే ఉంది కదా, అక్కడ కొత్త పొర గట్టిపడటానికి వారాలు పడుతుంది. గిట్ట నెలకి సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లే పెరుగుతుంది. అడుగు నుంచి తీశారు కాబట్టి మీరు అదృష్టవంతులు, అదే చీము పైకి పాకి చర్మం, గిట్ట కలిసే అంచు దగ్గర పగిలి ఉంటే ఆ చీలిక కిందకి దిగి పోవడానికి నెలలకి నెలలు పట్టేది.

బ్యూట్ మీద ఉండగా కాలు ఎలా ఉందో ఎవరూ చెప్పలేరు, నేనైనా చెప్పలేను. ఎప్పుడు ఆపాలో డాక్టర్‌ని అడగండి, సొంతంగా ఆపొద్దు, పెంచొద్దు. ఆపాక కూడా దాని ప్రభావం ఒక రోజుకి పైనే ఉంటుంది కాబట్టి వెంటనే చూసి తీర్పు చెప్పేయకండి. తర్వాత చదునుగా, గట్టిగా ఉన్న నేల మీద ఇంకొకరి చేత పగ్గం వదులుగా పట్టించి నడిపించండి, మీరు ఎదురుగా నిలబడి తల చూడండి. ముందు కాలు నొప్పిగా ఉంటే అది నేలకి తగిలినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు పడ్డప్పుడు కిందకి దిగుతుంది. నడకలో తెలియకపోతే చిన్న మలుపు తిప్పండి, మెత్తటి మట్టిలో దాచుకున్న కుంటు గట్టి నేల మీద మలుపులో బయటపడుతుంది.

ఇంకోటి, గిట్టకి పైన ఉన్న కీలు వెనక రెండు పక్కలా వేలు పెట్టి నాడి చూడటం అలవాటు చేసుకోండి. మామూలుగా అయితే దొరకడమే కష్టం, లోపల మంట ఉంటే వేలి కింద ఎగిరెగిరి కొడుతుంది. రెండు ముందు కాళ్లూ పోల్చి చూడండి. గిట్ట వేడి మాత్రం ఎండలో నిలబడ్డా మారిపోతుంది, దాన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు.

కన్నం పొడిగా, వాసన లేకుండా, గట్టిగా అయ్యేవరకు బురదలోకి పంపకండి. మట్టి దూరి పైన మూసుకుపోయిందంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. నా లెక్క అయితే పూర్తిగా కుంటు పోయేదాకా గడప దాటించను.

పచ్చిగడ్డి:
సుత్తి గారూ చివరి మాట తప్ప అన్నీ ఒప్పుకుంటా. మరీ కదలకుండా కట్టేస్తే గిట్టలోకి రక్తం సరిగ్గా ఆడదు, ముందు కాళ్ల మీదే దాదాపు 60 శాతం బరువు ఉంటుంది, ఒక ముందు కాలు పనిచేయకపోతే అందులో ఎక్కువ భాగం రెండో దాని మీద పడుతుంది, ఎక్కువకాలం అలా నిలబడితే ఆ మంచి గిట్టకే లామినైటిస్, అంటే గిట్ట లోపలి పొరలు వాచే జబ్బు, పట్టుకునే ప్రమాదం ఉంది. డాక్టర్ సరే అంటే పొడిగా ఉన్న చిన్న ఆవరణలో కట్టు తడవకుండా కొంచెంసేపు తిప్పడమే నయం. ఆ రెండో గిట్ట నాడి కూడా రోజూ చూడండి ఎర్రజూలు గారూ.

ఇక హుషారు సంగతి. ఎగరడాన్ని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను, నాలుగు గోడల మధ్య నిలబెట్టి దాణా పాత కొలతే వేస్తుంటే ఏ గుర్రమైనా ఎగురుతుంది. గింజలు తగ్గించి ఎండుగడ్డి వేయండి. నేను చూసేది మొహం. 2014లో గుర్రం మొహం చూసి నొప్పి అంచనా వేసే పద్ధతి ఒకటి బయటికొచ్చింది, చెవులు బిగుసుకుని వెనక్కి ఉన్నాయా, కంటి చుట్టూ, కంటిపైన బిగువుందా, దవడ కండరాలు, నోరు గడ్డం, ముక్కుపుటాలు ఎలా ఉన్నాయి, ఇలా ఆరు గుర్తులు. మీరు దాణా వేయకముందు, అది మిమ్మల్ని గమనించకముందు చాటుగా చూడండి, మనిషిని చూడగానే కొన్ని గుర్రాలు నొప్పి దాచేస్తాయి.

నిద్ర కూడా. నిలబడి కునుకు తీస్తాయి గానీ గాఢనిద్రకి పడుకోవాల్సిందే. లేవడం కష్టమని కొన్ని అసలు పడుకోవు, ఇంకొన్ని అదేపనిగా పడుకునే ఉంటాయి. పొద్దున్నే ఒంటికి, జూలుకి గడ్డిపోచలు అంటుకుని ఉండి, కాసేపటికి తనంతట తానే లేచి తిరుగుతుంటే నాకు అదే పెద్ద శుభవార్త.

ఎర్రజూలు:
అందరికీ థాంక్స్ అండీ. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే బ్యూట్ ఆపేయమన్నారు, ఆపి కాస్త ఆగి చూశాం. తిన్నగా నడిస్తే ఏమీ లేదు, కుడివైపు తిప్పితే మాత్రం తల కొద్దిగా లేస్తోంది. నాడి ఇప్పుడు వెతుక్కోవాల్సి వస్తోంది, రెండు కాళ్లకీ ఒకేలా ఉంది. పక్కనున్న ముసలి గుర్రాన్ని కంచె అవతల కడితే మెడలు గోక్కుంటూ గంట గడిపేశాయి. జూలులో గడ్డి అయితే పొద్దున దువ్వలేక చచ్చా. టేపు ఖర్చు, చాకిరీ తట్టుకోలేక రబ్బరు బూటు కొందామనుకుంటున్నా, పర్లేదా?

సుత్తీ_నాడా:
పర్లేదు, మంచిదే. మలుపులో తల లేస్తోందంటే ఇంకా లోపల ఉంది, మిగతావాటితో కలపకండి, డాక్టర్‌కి ఆ మాట కూడా చెప్పండి. బూటు కొలత గిట్ట చెక్కిన రోజే తీసుకోండి, వారాలు గడిస్తే సైజు మారుతుంది. రోజంతా తొడిగి ఉంచొద్దు, లోపల చెమ్మ చేరితే గిట్ట అడుగున మధ్యలో ఉండే మెత్తటి భాగం కుళ్లుతుంది. రోజూ విప్పి ఆరనిచ్చి, మడమ దగ్గర ఒరుసుకుందేమో చూసి మళ్లీ తొడగండి.