మీటరులో సున్నా, ఇంట్లో కంపు: ఏది నమ్మాలి?

కాలవగట్టు: మాది డెల్టాలోనే ఒక టౌను, పేరు వద్దులెండి. మురుగు శుద్ధి కేంద్రానికి అరకిలోమీటరు దూరంలో ఇల్లు. తెల్లవారుజామున కుళ్ళిన కోడిగుడ్ల కంపు. ఫిర్యాదు చేస్తే ఒకాయన పదకొండింటికి చేతి మీటరుతో వచ్చి, ఆ కంపు కొట్టే వాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్, సున్నా అని చూపించి సంతకం పెట్టమన్నాడు. పెట్టలేదు. గోడ దగ్గర రాత్రీపగలూ కొలిచే మీటరు పెట్టించాలని నా వాదన.

రొయ్యలచెరువు: మీటరెందుకండీ? చెరువు అడుగున నల్లమట్టి కెలికితే ఇదే వాసన, మేం ముక్కుతోనే పట్టేస్తాం. ఆ డబ్బుతో మురుగు వచ్చి పడే తొట్టికి మూత వేయించమనండి.

పంపుహౌస్: ఇలాంటి ప్లాంటులో పనిచేసినవాణ్ణి. కాలవగట్టు గారూ, ఆ మీటరు అబద్ధమాడలేదు. అది మ్యాన్‌హోల్ లోపలికి దిగే మనిషి ప్రాణం కోసం చేసింది. ఒక పీపీఎం (గాలిలో పది లక్షల్లో ఒక వంతు) లోపుంటే చాలావాటిలో సున్నాయే పడుతుంది. అందులో వందో వంతున్నా ముక్కు పసిగడుతుంది. వాసన బాధ ఉండకూడదంటే అరగంట సగటు ఘనమీటరుకు 7 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, అంటే దాదాపు 5 పీపీబీ (పీపీఎంలో వెయ్యో వంతు ఒక పీపీబీ). పీపీబీలో చూపే మీటరైతేనే మీకు పనికొస్తుంది. ఇంకో చిక్కుంది. 2009 నాటి మన జాతీయ గాలి ప్రమాణాల్లో 12 కాలుష్యకాలున్నాయి, ఈ వాయువు లేదు. ఎంత దాటితే తప్పు అన్న దగ్గరే వాదన ఆగిపోతుంది.

రొయ్యలచెరువు గారూ, ముక్కు మాట మ్యాన్‌హోల్ దగ్గర మాత్రం అనకండి. 100 పీపీఎం దగ్గర ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. పోయిందనుకుని దిగితే మనిషే పోతాడు. గాలికన్నా బరువు కదా, కిందే పేరుకుంటుంది.

ల్యాబ్‌కోటు: మూత ముందా, మీటరు ముందా? నేను మీటరు వైపే, కానీ సగం మనసుతో. మన నేల బల్లపరుపు, వాలు లేక మురుగు గొట్టాల్లో నిలవుంటుంది. ఆక్సిజన్ అయిపోయాక సల్ఫేటును తిని ఈ వాయువును వదిలే బాక్టీరియా పని మొదలెడుతుంది. సముద్రం దగ్గర ఉప్పునీరు ఊరితే సల్ఫేటుకు కొదవే లేదు. రాత్రంతా నిలిచింది పంపు వేయగానే ఒక్కసారి తొట్టిలో పడి చిమ్ముతుంది. అందుకే రోజు సగటు చూపిస్తే నమ్మకండి, నిమిషాల రికార్డు అడగండి. అయితే ఈ తేమకి సెన్సారు రీడింగు పక్కకి జరుగుతుంది. తెలిసిన గాఢత గ్యాసుతో తరచూ సరిచూడాలి. అది చేసేవాడు లేకపోతే గోడకి బొమ్మే.

రొయ్యలచెరువు: ఆయ్, అదే నేనన్నది! మూతకి ఆ బెడద లేదు.

పంపుహౌస్: మూత వేసి ఊరుకుంటే గ్యాసు లోపల కాంక్రీటును తినేస్తుందండీ. మూత కింద నుంచి లాగిన గాలిని బయోఫిల్టరుకి, అంటే సూక్ష్మజీవులతో గాలిని శుభ్రం చేసే పరకరానికి పంపాలి. లేదా ఆ వాయువు పుట్టకుండా గొట్టంలోనే కాల్షియం నైట్రేట్ కలపాలి. ఎంత కలపాలో తెలియాలంటే మళ్ళీ కొలతే.

కాలవగట్టు: సరే, ఈలోగా కంపు టైమూ గాలి దిక్కూ రాసుకుంటున్నా. నిన్న 4:50కి, గాలి కదల్లేదు.

పంపుహౌస్: సమాచార హక్కు కింద పంపు లాగ్ పుస్తకం అడగండి. పంపు వేసిన టైమూ మీ టైమూ కలిస్తే పదకొండింటి సున్నాకి విలువుండదు.

రొయ్యలచెరువు: పుస్తకం వచ్చాక ఇక్కడ పెట్టండి. నా ఓటు మాత్రం ఇంకా మూతకే.